నాలుగు శ్రుతి

చాలా ఏళ్లుగా ఈ మాట నా గుండెల మీద బరువుగా కూర్చుంది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నెల్లిమర్లలో మా భజన బృందానికి పన్నెండేళ్లు హార్మోనియం వాయించాను. ముందు నిలబడి పాడేది అప్పలస్వామి మావ. అరవై దాటినా నాలుగు శ్రుతిలో పాడతానని ఆయనకు మహా గర్వం. నిజానికి అంత ఎత్తు ఆయనకి అందడం ఎప్పుడో మానేసింది. ఆయన పరువు పోకూడదని నేనే ఏడాదికింత చొప్పున శ్రుతి దించుకుంటూ రెండున్నరకి తెచ్చాను. నేను వెనక కూర్చుంటాను, నేను నొక్కే హార్మోనియం మెట్లు ఆయనకి కనబడవు. ఎవరికీ చెప్పలేదు. ప్రేమ కాకపోతే ఏమిటది?

శ్రీరామనవమికి రెండు రోజుల ముందు మా డోలక్ అతను పొరపాటున నాకు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. మావ అరుగు మీద ఆయన అల్లుడు కొత్త కీబోర్డు వాయిస్తున్నాడు. చుట్టూ బృందమంతా ఉంది, నేను తప్ప. మావ తల ఊపుతూ వింటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పిలిచి ఒక్క మాట చెబితే నేనే తప్పుకునేవాణ్ని కదా? పన్నెండేళ్లకి అంత విలువ కూడా లేదా?

మర్నాడు వెళ్లి, మోకాళ్ల నొప్పులు, ఇక కింద కూర్చోలేనని నవ్వుతూ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. శాలువా కప్పారు. అది అప్పటికే కొని ఉంచారు.

"కొత్తోడికి సెప్పాల్సిందేటైనా ఉంటే సెప్పిపోరా" అన్నాడు మావ.

"ఏటీ లేదు మావా. నాలుగులో పట్టుకుంటే సాలు."

నవమి రోజు జనంలో నిలబడ్డాను. రెండో చరణానికే మావ గొంతు చీలిపోయింది. నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ చీలింది. ఎవరో కిసుక్కుమన్నారు. శ్రుతి తగ్గించమని అల్లుడికి నేను చేత్తో సైగ చేస్తే చాలు. నేను చేతులు కట్టుకునే నిలబడ్డాను.

మావ ఆ తర్వాత పాడలేదు. ఇప్పటికీ నా కొట్టుకొచ్చి కూర్చుంటాడు. "నీతోపాటే నా గొంతూ ఎలిపోనాదిరా" అంటాడు. నిజం చెబితే ఆ పాత గర్వం కూడా పోతుందని ఆగుతున్నానా, నా మొహం చూడడనే భయంతోనా? భయమే.

వాళ్లు నాకు చేసింది ద్రోహమే, ఆ మంట ఇంకా చల్లారలేదు. కానీ రెండున్నర అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నాకు గుర్తుంది. కావాలనే చెప్పలేదు. ఇన్నేళ్లకి ఆ ముక్క రాశాను, కాస్త ఊపిరాడుతోంది.