తూటాలు అమ్మినవాడి సంగతేమిటి?

పోయినసారి ఎన్నికలైన ఎండాకాలంలో గుంటూరులో ఒక ఖాళీ స్థలం కోసం రెండు ముఠాలు కొట్టుకున్నాయి. ఎవడో నాటు తుపాకి పేల్చాడు. తగలాల్సినవాడికి తగల్లేదు గానీ, పక్కన తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్ముకుంటున్న ఆవిడ కుడి చేతిలో గుళ్ళు దిగాయి. పేల్చినవాడి ఫోటో పేపర్లన్నిటిలో వచ్చింది. వాడి చేతికి తూటాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. పోలీసులు మా నాన్నకు కబురు పెట్టాకే నాకు ఆ ప్రశ్న తట్టింది.

మా ఊరు కనిగిరి అవతల, మెట్ట. వేరుశనగ వేస్తే చాలు, అడవిపందులు మందలుగా దిగి చేనంతా కుళ్ళగిస్తాయి. వాటిని బెదరగొట్టడానికి మా నాన్నకు లైసెన్సు తుపాకి ఉండేది. గాల్లో పేల్చడమే తప్ప ఒక్క పందిని చంపిన పాపాన పోలేదు. ఏడాదికి పది తూటాలు కొనేవాడు, అందులోనూ మూడో నాలుగో మిగిలేవి. మిరపకాయలు గుంటూరు యార్డుకు తెచ్చిన రోజే ఆ పనీ చూసుకునేవాడు.

యార్డులో మా రైతులకు ఒక అలవాటుంది. బస్తాలు కమీషన్ వ్యాపారి కొట్లో దించి, "మీరే చూసుకోండి" అని వచ్చేస్తారు. తాతల నాటి నమ్మకం. మా నాన్న తుపాకుల షాపునూ అలాగే నమ్మాడు. "లైసెన్సు పుస్తకం ఇంట్లో ఉంటే చెదలు పడుతుంది బాబాయ్, నా బీరువాలో ఉంచుతాను" అని షాపాయన అంటే సరేనన్నాడు. "మాటిమాటికీ ఏం తిరుగుతారు, రిజిస్టర్లో కింది ఖాళీ వరసల్లో కూడా సంతకాలు పెట్టి వెళ్ళండి" అంటే అవీ పెట్టాడు. పైగా ఆయనిచ్చిన కాఫీ తాగి వచ్చాడు. ఆ కాఫీ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను గుంటూరులోనే టీచర్ని. కబురు రాగానే సెలవు పెట్టి నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. పేల్చినవాడి ఇంట్లో దొరికిన తూటాల పెట్టె మీది నంబరు, షాపు రిజిస్టర్లో మా నాన్న పేరుకెదురుగా ఉంది.

"ఏం పెద్దాయనా, ఒక్క ఏడాదిలో ఇన్ని తూటాలా? పందుల్ని తోలుతున్నావా, యుద్ధం చేస్తున్నావా?" అన్నాడు ఎస్సై.

"పదే కొన్నానండీ."

"మరి ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండీ" అని మా నాన్న తల దించుకున్నాడు. ఎన్నికలప్పుడు తుపాకి అప్పగించడానికి తప్ప స్టేషన్ గడప తొక్కని మనిషి. డెబ్భై ఏళ్ళు వచ్చాక దొంగలా నిలబడ్డాడు.

అప్పుడు నా కళ్ళు ఆ సంతకం పక్కనున్న తేదీ మీద పడ్డాయి. "సార్, ఎన్నికలని ఆ నెలంతా ఈయన తుపాకి మా ఊరి స్టేషన్లోనే ఉంది. రసీదు కూడా ఉంది. తుపాకి మీకిచ్చి తూటాలు కొని ఏం చేస్తాడండీ, పోపులో వేసుకుంటాడా?" అన్నాను. కోపంలో నోరు జారాను. ఎస్సై రిజిస్టరు తనవైపు తిప్పుకుని తేదీ చూశాడు.

"ఖాళీ వరసల్లో సంతకాలు పెట్టానని రాసిస్తే షాపు మీద కేసు కట్టొచ్చు. కానీ అది మీ తప్పు కూడా. లైసెన్సు పోతుంది. ఆలోచించుకోండి" అన్నాడు.

ఆ సాయంత్రమే షాపాయన బత్తాయిలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"బాబాయ్, తూటాలు కొన్నాను, ఇంట్లో పోయాయి అని చెప్పండి చాలు. లైసెన్సు పోకుండా నేను చూసుకుంటా. పంట కాపాడుకోవాలిగా మీరు?"

నాకు భయమేసింది. మూడెకరాల వేరుశనగ, తుపాకి లేకపోతే పందులపాలే. మా నాన్న లొంగిపోతాడేమో అనుకున్నాను.

"లైసెన్సు నువ్వు తెస్తావు సరేనయ్యా. ఆ ఇడ్లీలమ్మే అమ్మాయి చెయ్యి ఎవరు తెస్తారు?"

"ఆమె సంగతి మనకెందుకు బాబాయ్? పేల్చింది మనమా?"

ఎంత తేలిగ్గా అన్నాడో! అమ్మినప్పుడు వాడికి తెలుసు, ఆ తూటాలు ఏ చేలోకీ పోవని. లైసెన్సు లేనివాడు వెనక తలుపులోంచి కొనేది కాకుల్ని తోలడానికి కాదని తెలుసు. తెలిసే, పందులతో వేగే ముసలి రైతు పేరు కింద దాక్కున్నాడు. బత్తాయిల సంచీ వాడి చేతికే ఇచ్చి తలుపేశాను.

మర్నాడు మా నాన్న ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. తన తప్పే ముందు రాయించాడు. నెల తిరక్కుండా లైసెన్సు రద్దయింది, తుపాకి పోయింది. ఆ ఏడు వేరుశనగ పందులు తిన్నన్ని తినగా మిగిలింది మాకు దక్కింది. షాపు కొన్నాళ్ళు మూతపడింది గానీ, షాపాయన బెయిలు మీద వచ్చి, ఎవరి చేత ఏం చెప్పించుకున్నాడో, మళ్ళీ తెరిచాడు.

కేసు వాయిదాల మీద నడుస్తోంది. ప్రతి వాయిదాకూ మా నాన్న తెల్లవారుజాము బస్సెక్కి వస్తాడు. ఇడ్లీల ఆవిడ ఆ పూట బేరం మానుకుని వస్తుంది. పోయినసారి ఇద్దరూ కోర్టు వరండాలో పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ వేళ్ళు ఇంకా ముడుచుకోవు. మా నాన్న నీళ్ళ సీసా మూత తీసి ఆవిడకిచ్చాడు. పిలుపు వచ్చింది. షాపాయనకు ఒంట్లో బాగాలేదు, మంచం మీద ఉన్నాడు అని ఆయన లాయరు చెప్పాడు. మళ్ళీ వాయిదా పడింది.

ఆ రోజు పొద్దునే కోర్టుకొస్తూ షాపు దగ్గర నేను చూశాను. షట్టరు ఎత్తి, గల్లాపెట్టె దగ్గర అగరొత్తులు వెలిగిస్తున్నాడు.