పోనియ్యి

చెల్క అమ్మిన తర్వాత నర్సింహకు చేతినిండా తీరికే మిగిలింది. జొన్న వేసిన చోట ప్లాట్ల రాళ్లు మొలిచాయి, ఏడాది తిరిగేసరికి ఇళ్లు లేచాయి, వాటికో కాలనీ పేరు కూడా వచ్చింది. ఆ కాలనీ సంఘం వాళ్లు పాత మెటడార్ వ్యాను ఒకటి కొని, తెల్లరంగు కొట్టించి, అంబులెన్స్ అని రాయించారు. జీతం అడగకుండా తోలేవాళ్లు కావాలన్నారు. ట్రాక్టర్ పట్టిన చెయ్యి కదా అని నర్సింహను పిలిస్తే సరేనన్నాడు. ఆ రోజుల్లో అతను దేనికైనా సరేననేవాడు. పెళ్లికి రమ్మన్నా సరే, చావుకు రమ్మన్నా సరే.

నేర్పించేది జోగారావు. బెజవాడ వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పద్ధతే వేరు. స్టీరింగు ముట్టుకునే ముందు ప్రతివాడూ వెనక స్ట్రెచర్ మీద పడుకోవాలి. ఆయన ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా తోలుకుపోయి తీసుకొస్తాడు.

"గుంతలో చక్రం పడితే నీకు కుదుపు, పడుకున్నవాడికి ప్రాణం. అది నీ వీపుకి తెలియాలయ్యా," అనేవాడు.

మిగతావాళ్లు నవ్వుకుంటూ పడుకున్నారు. నర్సింహ మాత్రం "నా వంతు రేపు సార్" అంటూ తప్పించుకున్నాడు. ఆ రేపు ఎన్నాళ్లకూ రాలేదు; బండి తెలిసిన చెయ్యని జోగారావే చూసీచూడనట్టు స్టీరింగు ఇచ్చాడు.

అతని తోలకానికి వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా ఒక్క మాటతోనే. రోడ్డు ఖాళీగా దొరికినప్పుడల్లా జోగారావు "పోనియ్, పోనియ్" అనేవాడు. ఆ మాట చెవిన పడగానే నర్సింహ కాలు బ్రేకు మీదికి పోయేది.

"పోనియ్ అంటే ఆపుతావేమిటయ్యా? నీకు తెలుగు రాదా?"

ఆ మాట నర్సింహ భార్య ఇంద్రమ్మ ఊతపదం. బర్రె చస్తే "పోనియ్యి" అంది. పాలివాళ్లు గట్టు జరిపితే "పోనియ్యి" అంది. చెల్క చేయి జారిన నాడు నర్సింహ కూలబడి ఏడుస్తుంటే, "పోనియ్యి, మనతోటి ఒచ్చేదా?" అని పొయ్యి ముట్టించింది. అట్లాంటి మనిషికి నిరుడు ఎండాకాలం కడుపులో నొప్పి లేచింది. ట్రాలీలో గడ్డి పరిచి పడుకోబెట్టి, నర్సింహ ట్రాక్టర్ మీద పెద్ద దవాఖానకు బయలుదేరాడు. మలక్‌పేట దగ్గర, ఇంజను మోతలో, వెనక నుంచి ఒకే ఒక్క మాట వినిపించింది.

"పోనియ్యి."

ఆపి చూస్తే కళ్లు మూసుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. ఇన్నేళ్లు కాపురం చేసినవాడు, ఆమె మాట తనకు తెలియదా? ఇంక చాలు, ఇంటికి తీసుకుపొమ్మంటోంది అనుకున్నాడు. ట్రాక్టర్ వెనక్కి తిప్పాడు. ఇల్లు చేరకముందే ఆమె పోయింది.

బండి పోనియ్యమందో, ప్రాణం పోనియ్యమందో! ఓదార్చడానికి వచ్చినవాళ్లు కూడా "పోనియ్యి నర్సింహా, మన చేతుల ఏమున్నది" అన్నారు. అతనికి ఏడుపు రాలేదు. ఆనాటి నుంచి ఏదీ ఒంటికి తగలడం లేదు. అన్నంలో ఉప్పు మరిచినా తినేసి లేచేవాడు.

చివరికి జోగారావు తేల్చి చెప్పాడు. "ఇంకొక్కసారి నడిరోడ్డు మీద ఆపావంటే తాళం చెవులు నీకివ్వను. నిన్ను నమ్మి మనుషుల్ని ఎలా ఎక్కించను?"

దానికీ నర్సింహ సరేనన్నాడు. కానీ వ్యాను కూడా పోతే మళ్లీ ఆ ఖాళీ ఇంటి అరుగే గతి అని తోచి, చాలా రోజుల తర్వాత కొంచెం భయమేసింది.

ఆ వారమే జోగారావు చెయ్యి బెణికి కట్టు కట్టుకున్నాడు. పొద్దున్నే చీరల దుకాణం శంకరయ్య పరుగెత్తుకొచ్చాడు. పోచంపల్లి నుంచి వచ్చి కాలనీలో ఉంటున్న కుటుంబం వాళ్లది. తల్లి అండాలమ్మకు గుండెల్లో నొప్పి. వేరే డ్రైవర్లు పనుల మీద పోయారు. గత్యంతరం లేక జోగారావు పక్కన కూర్చుని నర్సింహ చేతే తోలించాడు. ఆ రోజు పొరపాటున కూడా "పోనియ్" అనలేదు.

మలక్‌పేట దగ్గర ముసలమ్మ మూలిగింది. "పోనియ్యి, బిడ్డా..."

వ్యాను ఆగిపోయింది.

"మళ్లీనా!" అని జోగారావు అరుస్తూనే ఉన్నాడు. నర్సింహ దిగి వెనక తలుపు తెరిచాడు. "ఏం పోనియ్యమంటున్నవ్ అవ్వా? బండినా, పానమా?"

తల్లి పక్కన కూర్చున్న శంకరయ్య నోరెళ్లబెట్టాడు. అండాలమ్మ మాత్రం అంత నొప్పిలోనూ కళ్లెర్రజేసింది. "పానం పోనిచ్చేదుంటే నీ బండి ఎందుకెక్కుత? బండి పోనియ్యిరా సచ్చినోడా!"

నర్సింహ తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. పెద్ద దవాఖాన గేటు దాకా ఆగలేదు. గుంత వచ్చిన ప్రతిచోటా మాత్రం ముసలమ్మ వీపును తలుచుకుని మెల్లగా దాటించాడు.

అండాలమ్మ బతుకుతుందన్నారు డాక్టర్లు. తిడదామనుకున్న నోటితోనే ఆ కబురు చెప్పి, తాళం చెవులు ఉంచుకోమందామని జోగారావు వ్యాను దగ్గరికి వచ్చాడు. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. నర్సింహ వెనక స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోవడం లేదు.

"సార్, గీడ పండుకున్నోళ్లు ఎవలైన బండినే పోనియ్యమంటరు. మా ఇంద్రమ్మ గూడ గదే అన్నది సార్."