పదిహేనేళ్ళ తర్వాతి ఊరు

సర్కారు మీటింగులంటే నాకు పెద్దగా గౌరవం లేదు. బీదర్‌లో టీచరుగా ఉంటూ ఇన్నేళ్ళలో చాలానే చూశాను. కుర్చీలు ఆలస్యంగా వస్తాయి, సాహెబులు ఇంకా ఆలస్యంగా వస్తారు, మైకు మాత్రం పొద్దున్నుంచే కుయ్యిమంటూ ఉంటుంది. అందుకే జిల్లా ప్రణాళిక పనికి కొందరు టీచర్లను ఊళ్ళకు పంపుతున్నారని, అందులో నేనూ ఉన్నానని హెడ్‌మాస్టరు చెప్పినప్పుడు మొహం మాడ్చుకుని నిలబడ్డాను. రాబోయే ఏళ్ళలో ఏ ఊరికి ఏ వసతులు కావాలో ఈసారి ఆఫీసులో కూర్చుని రాయరట, ఊరినే అడుగుతారట. ఊరు చేతులెత్తి ఒప్పుకున్న మొదటి కోరిక పంచాయతీ నుంచి తాలూకాకు, అక్కడి నుంచి జిల్లాకు పోతుందట. వింటూ లోపల నవ్వుకున్నాను.

మాకు ట్రైనింగ్ కూడా ఇచ్చారు. ఊరి పటాన్ని కాగితం మీద గీయకూడదు, ఊరివాళ్ళ చేతనే నేల మీద ముగ్గుపిండితో వేయించాలి. ఇల్లిల్లూ గీశాక ప్రతి ఇంటివాళ్ళూ తమ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గింజలు పెట్టాలి. పిల్లలకు పెసర గింజ, పనిచేసే వయసువాళ్ళకు కంది గింజ, అరవై దాటినవాళ్ళకు జొన్న. మంచం దిగలేనివాళ్ళు ఉంటే వాళ్ళకు సీతాఫలం గింజ, నల్లగా దూరం నుంచి కూడా కనబడుతుందని. ఉప్మా తిని చేతులు కడుక్కుని మేమంతా ఒక ఉత్తుత్తి ఊరు గీశాం. పెద్దవాళ్ళం చేరి గుజ్జనగూళ్ళు ఆడుతున్నామని నా పక్కన కూర్చున్న టీచరుతో అన్నాను కూడా.

నాకు ఇచ్చిన ఊళ్ళలో ఒకటి చిట్గుప్ప దారిలో ఉన్న మా మేనత్త ఊరు. తప్పించుకోవాలని చూశాను, కుదరలేదు. ఎందుకు తప్పించుకోవాలనుకున్నానంటే, ఆ మీటింగులో అత్త ఏమి అడగబోతుందో నాకు తెలుసు. ఊరు ఏమి జవాబు చెబుతుందో కూడా తెలుసు.

మామ మేస్త్రీ. ఎర్ర రాయిని చెక్కి గోడ లేపితే చూసి తీరాలనేవారు. మనిషి తలుపు నిండా ఉండేవాడు. పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది, ఒళ్ళు మాత్రం తగ్గలేదు. అత్త చూస్తే నా భుజం దాకా కూడా రాదు. వాళ్ళకు పిల్లలు లేరు. వీపు పుండ్లు పడకుండా గంట గంటకూ ఆయన్ని ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పేది ఆమె ఒక్కతే. ఒకసారి తిప్పబోయి తనే మంచం మీద నుంచి కింద పడింది, అప్పటి నుంచి నడుము సరిగ్గా నిలవడం లేదు. డాక్టరు చిట్గుప్ప ఆస్పత్రికి తీసుకురమ్మంటాడు. ఎత్తి ఆటోలో పెట్టేదెవరు? ఇంటికే వచ్చి చూసే నర్సు కావాలని, ఎత్తడానికి ఒక మనిషి సాయం కావాలని అంతకుముందు గ్రామసభలో అడిగింది. ఒక్క ఇంటి కోసం సర్కారు మనిషిని పంపుతదా అని నవ్వారట. ఇంక ఎక్కువ కాలం తను ఎత్తగలిగేలా లేదు. ఎత్తలేని రోజు వస్తే మామకు పుండ్లు పడతాయి, ఆ తర్వాత సంగతి అందరికీ తెలిసిందే.

మీటింగు రోజు పొద్దున ముందు వాళ్ళింటికే వెళ్ళాను. అత్త మామకు గంజి తాగిస్తోంది.

"అత్తా, నేను మీటింగు నడిపే మనిషిని. నేను ఎవరి తరఫునా మాట్లాడకూడదు. నువ్వు నన్ను తప్పు పట్టొద్దు" అన్నాను.

"నువ్వెందుకు మాట్లాడుతవ్ బిడ్డా. నాకు నోరు లేదా? నన్ను మాట్లాడనీయ్, అంతే చాలు" అంది, మామ గడ్డం తుడుస్తూ.

బడి ముందు సిమెంటు నేల మీద ఆడవాళ్ళు పటం మొదలుపెట్టారు. ముందు పెద్ద రోడ్డు గీశారు. ఆ తర్వాత హనుమాన్ గుడి, మసీదు, మా వాళ్ళ చర్చి, నీళ్ళ ట్యాంకు. మగవాళ్ళు చుట్టూ నిలబడి మురికినీళ్ళ నాలా ఎటు తిరుగుతుందో అని తెలుగులోనూ కన్నడలోనూ గొడవపడ్డారు. ఆడవాళ్ళు వాళ్ళను పట్టించుకోకుండా గల్లీ వెంట గల్లీ వేసుకుంటూ పోయారు. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చేతులు. వంగినవాళ్ళు వంగినట్టే వెనక్కి వెనక్కి జరుగుతూ గీస్తుంటే నేల మీద ఊరు పుడుతూ వచ్చింది.

నేను బడి మెట్ల మీదికి ఎక్కి చూశాను. చిన్నప్పటి నుంచి వస్తూ పోతూ ఉన్న ఊరే అది. కానీ మొత్తం ఊరిని ఒక్క చూపులో ఎప్పుడూ చూడలేదు. ఏ ఇంటికి ఏ ఇల్లు ఆనుకుని ఉందో, నీళ్ళ ట్యాంకు ఎవరికి దగ్గరో ఎవరికి దూరమో, చర్చి వెనక గల్లీ ఎంత ఇరుకో అంతా కళ్ళ ముందు ఉంది. వచ్చిన ప్రతి మనిషీ మొదట తన ఇల్లు వెతుక్కున్నాడు, దొరికాక దాని దగ్గరే నిలబడిపోయాడు. ఎవరూ గీత తొక్కలేదు. అంతమందిని ఒక్క మాటా చెప్పకుండా అంత జాగ్రత్తగా నడిపించేది మరొకటి నేను చూడలేదు. గుజ్జనగూళ్ళన్న నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

గింజలు పెట్టడం మొదలయ్యాక ఒక కోడి వచ్చి చివరి గల్లీలో సగం జనాభాను తినేసింది. ఆ గల్లీవాళ్ళు దాన్ని తరుముకుంటూ వెళ్ళి వచ్చి మళ్ళీ పెట్టుకున్నారు. నవ్వులు తగ్గాక చూస్తే ఊరంతా ఎర్రగా కందులు, మధ్యమధ్యలో ఆకుపచ్చగా పెసలు, అక్కడక్కడా తెల్లగా జొన్నలు. సీతాఫలం గింజ మాత్రం ఒక్కటే ఉంది, చర్చి వెనక గల్లీలో. అది మా అత్త ఇల్లు.

ఊరికి మొదట ఏమి కావాలో చెప్పమన్నాను. ముందుకొచ్చింది మాజీ మెంబరు. ఊరంతా ఆయన్ని కాకా అంటారు, నేనూ అంతే. పెద్ద గొంతు, మంచి మనసు, ఈ మధ్య కొంచెం కుంటుతున్నాడు గానీ ఎవరైనా అడిగితే ఒప్పుకోడు.

"ఊరి మొదట్లో రోడ్డు మీద పేరు రాసిన పెద్ద కమాన్ కావాలె. చుట్టుపక్కల అన్ని ఊర్లకు ఉన్నది, మనకే లేదు. చుట్టాలు ఊరు దాటి ముందుకు పోయి మళ్ళ ఎనక్కు వస్తున్నరు. ఇజ్జత్ పోతాంది" అన్నాడు.

అవును అవునన్నారు చాలామంది. అప్పుడు అత్త లేచింది. మంచంలో ఉన్న మనిషిని ఇంటికొచ్చి చూసే నర్సు కావాలని, తనకు నడుము పోతోందని, ఒక్కతే ఎత్తలేకపోతున్నానని చెప్పింది. చెప్పడం కూడా రెండు మాటల్లోనే చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు గానీ చాలామంది పటం వైపు చూశారు. అంత పెద్ద ఊళ్ళో ఒకే ఒక్క నల్ల గింజ.

"చెల్లె, నీ తక్లీఫ్ మాకు తెల్వదా? గని ఒక్క ఇంటికి ఊరంతా చెయ్యి ఎట్ల ఎత్తుతది?" అన్నాడు కాకా మెల్లగా.

అత్త తరఫున ఒక మాట అనాలనిపించింది. మాట్లాడకూడదు కదా. ట్రైనింగులో చెప్పిన రెండో మెట్టు ఒకటి మిగిలింది. పదిహేనేళ్ళ తర్వాత ఊరు ఎలా ఉంటుందో గింజలు మార్చి పెట్టమని అడగాలి. విన్నప్పుడే నేను దాన్ని వదిలేద్దామనుకున్నాను, ఎందుకు ఈ తమాషా అని. ఇక్కడ ఎందుకు అడిగానో నాకే సరిగ్గా తెలియదు. ఇంకొంచెం సేపు చేతులెత్తకుండా ఆపాలనుకున్నానేమో.

మొదట్లో నవ్వులాటే. ఒక తల్లి తన పెసర గింజ తీసి కంది పెడుతూ, అప్పటికి వీడు నా మాట వింటడో వినడో అంది. పిల్లలందరూ ఒక్కసారిగా పెద్దవాళ్ళయిపోయారు. తర్వాత కందుల వంతు వచ్చింది. ఒక్కొక్కరూ తమ వయసుకు పదిహేను కలుపుకున్నారు. కలుపుకున్నవాళ్ళు కలుపుకున్నట్టే మాట ఆపేశారు. కంది తీసి జొన్న పెట్టడం అంత పెద్ద పనేం కాదు, కానీ వంగిన చేతులు గింజ మీద కాసేపు ఆగాయి. నాకన్నా చిన్నదనుకున్న ఆవిడ కూడా జొన్న పెట్టింది. పళ్ళెంలో జొన్నలు అయిపోయి ఎవరో ఇంటికి పోయి దోసెడు తెచ్చారు. చూస్తుండగా ఊరు తెల్లబడింది.

అంత పెద్ద గుంపు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చర్చిలో కూడా చూడలేదు. ఎవరూ చచ్చిపోలేదు, ఏమీ కూలిపోలేదు. వట్టి గింజలు. కానీ మా అందరి ముందూ రాబోయే కాలం నేల మీద పరుచుకుని ఉంది, దాన్ని మేమే మా చేతులతో పెట్టాం. నాకు ఒళ్ళు జలదరించింది. భయం కాదు అది. ఎవరో పెద్దాయన గదిలోకి వచ్చినప్పుడు లేచి నిలబడాలనిపిస్తుందే, అలాంటిది.

సీతాఫలం గింజలు మాత్రం పళ్ళెంలో అలాగే ఉన్నాయి. ఎవరూ అటు చూడటం లేదు. మాకు మంచాన పడతామన్న మాట నోటితో అనడమే కీడు, ఇంక తన ఇంటి మీద తన చేత్తో ఎవరు పెట్టుకుంటారు? ఒక చిన్న పిల్ల ఆడుకోవడానికి గింజ తీయబోతే తల్లి చేతి మీద ఒకటిచ్చింది.

అత్త తన ఇంటి దగ్గరికి వచ్చి కూర్చుంది. మోకాలు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, ఆ ఒక్క నల్ల గింజనూ తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"పదిహేనేండ్లంటే ఈయన ఉండడు" అంది. ఏడుపు లేదు గొంతులో. రేపు వాన పడుతుందన్నట్టు చెప్పింది.

తర్వాత గుప్పిట తెరిచి, ఆ గింజనే మళ్ళీ అదే ఇంట్లో పెట్టింది. "ఇప్పుడిది నాది. ఆయనను తిప్పెటందుకు నేనున్న. నన్ను తిప్పెటందుకు ఎవరున్నరు? నేను ఆయన కోసం అడుగుతున్న అనుకున్నరు మీరు. నర్సు వచ్చేసరికి ఆయన ఉంటడో లేడో. నేను ఉన్నోళ్ళందరి కోసం అడిగిన."

ఆమె అలా అనగలదని నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైతే తప్ప గొంతు పెంచని మనిషి. ఆ క్షణంలో ఆమె వైపు చూడటానికి కూడా నాకు మొహమాటం అనిపించింది.

కాకా చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత కుంటుకుంటూ పళ్ళెం దగ్గరికి వచ్చి ఒక నల్ల గింజ తీసుకుని తన ఇంటి మీద పెట్టాడు. ఆయన కోడలు వద్దని చెయ్యి పట్టుకోబోయింది, ఆయన వినలేదు.

"కమాన్ కింద నుంచి పోవాలన్నా కాళ్ళు నడవాలె గద" అన్నాడు.

ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు వచ్చారు. వృద్ధులు ముందు వచ్చారు, వయసువాళ్ళు కూడా కొందరు వచ్చారు, మా అమ్మకని ఒకరు, మా అన్నకని ఒకరు, నాకేనని ఒకరు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని పెట్టినవాళ్ళున్నారు, గింజను కళ్ళకద్దుకుని పెట్టినవాళ్ళున్నారు. మసీదు గల్లీ పెద్దమనిషి బిస్మిల్లా అని పెట్టాడు. నల్ల గింజ లేని గల్లీ మిగల్లేదు. మంచంలో ఉన్నవాళ్ళను ఇంటికి వచ్చి చూసే నర్సు కావాలన్నది మొదటి కోరికగా రాయాలా అని అడిగితే లేచిన చేతులను చూసి నేను లెక్కపెట్టలేదు, అవసరం పడలేదు. కన్నడంలో ఆ వాక్యం రాస్తుంటే నా అక్షరాలు వంకరపోయాయి.

తల ఎత్తి చూస్తే అత్త లేదు. మామను తిప్పే వేళయింది.

పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఆమె మంచం పట్టెకు మోకాలు ఆనించి, మామ కింది దుప్పటి కొసను చేతికి చుట్టుకుంటోంది.

"అందరూ చేతులెత్తిన్రు అత్తా. మొదటిదిగా రాసిన."

"ఎప్పుడొస్తదట?"

"తాలూకా ఒప్పుకోవాలె, జిల్లా ఒప్పుకోవాలె. ఏడాది పట్టొచ్చు, రెండేండ్లు పట్టొచ్చు. రాకపోవచ్చు గూడ." ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను.

తల ఊపింది. "మంచిది. ఇప్పుడైతే ఆ కొస పట్టు."

నేను పట్టుకోబోతుంటే గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. కాకా. మామ పడిపోయినప్పటి నుంచి ఆయన ఈ ఇంట్లోకి రాలేదని అత్త చాలాసార్లు అంది. బలమైన మనిషిని అలా చూడలేక రాలేదో, ఏమో.

"నువ్వు జరుగు బిడ్డా" అన్నాడు నాతో. తర్వాత అత్త వైపు తిరిగి, "చెల్లె, ఎట్ల పట్టాలెనో చెప్పు. నర్సు వచ్చిందాక ఎవరో ఒకరం వస్తం. ఈ పూట నేను నేర్చుకుంట" అన్నాడు.

అత్త చేతికి చుట్టుకున్న దుప్పటి కొసను విప్పి పక్కకు జరిగింది.

"చేతులు కడుక్కోని రా అన్నా. భుజం పట్టి గుంజకు. నడుము కింద చెయ్యి పెట్టి మెల్లగ లేపు" అంది.

ఆయన చెప్పినట్టే చేశాడు. నేను కాళ్ళ వైపు పట్టుకున్నాను. మామ గోడ వైపు నుంచి వాకిలి వైపు తిరిగాడు, కళ్ళు పైకెత్తి కాకాను గుర్తుపట్టాడు. ఎడమ చెయ్యి కదిలించి ఆయన అంగీ పట్టుకున్నాడు, వదల్లేదు.

అత్త పక్కన నిలబడి ఉంది. దుప్పటి కొస పట్టుకుందామని ఒకసారి చెయ్యి చాపింది, పట్టుకోవాల్సిన పని లేకపోయింది. ఖాళీగా ఉన్న చేతులతో ఏమి చేయాలో తోచక, వాటిని కొంగులో చుట్టుకుని, అప్పుడు ఏడ్చింది.