ఎడమ పక్క తువ్వాల

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బడిలో అందింది. ఏడో తరగతికి లెక్కలిచ్చి, కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. చప్రాసీ వచ్చి, "మేడం, బోధన్ నుంచి మనిషొచ్చిండు. మీ అత్తమ్మ పొద్దుగాల పోయిందట" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు చటుక్కున నిటారుగా కూర్చున్నాను. అత్త పేరు చెవిన పడితే నాకంటే ముందు నా నడుము భయపడుతుంది. ఆమె పోయినా ఆ భయం పోలేదు.

నా వెన్నెముక వంకర. పుట్టుకతో వచ్చింది కాదు. పొడుగు సాగే వయసులో మెల్లగా ఒక పక్కకు తిరిగింది. ఒక భుజం పైకి లేచింది, ఇంకోటి కిందికి దిగింది. అప్పుడు నేను బోధన్‌లో అత్త ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. మాది భీమ్‌గల్ దగ్గర పల్లె. బాపు పసుపు పండించేవాడు. మా ఊళ్లో పై తరగతులు లేవు. మామ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. అందుకని అత్త ధ్యాసంతా నా మీదే, అందులోనూ నా నడుం మీదే.

"నిట్టనిలువు కూసో పొల్లా! గట్ల వంగి కూసుంటె తిన్న బువ్వ తొవ్వ తప్పుతది!" అనేది. అన్నం తినేటప్పుడు నా తల మీద చెంబు పెట్టేది. చెంబు పడితే అన్నంలోకి నీళ్లు, నీళ్లన్నం తింటే జలుబు, జలుబు చేస్తే మళ్లీ నాకే తిట్లు.

తన కూర్చునే తీరుకు మాత్రం ఏ చట్టమూ లేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే వీపు స్తంభానికి ఆనాలి, ఎడమ పక్క కింద మడత పెట్టిన తువ్వాల ఉండాలి. మామ డ్యూటీ నుంచి రాగానే భుజం మీది తువ్వాల తీసి, మడిచి అక్కడ పెట్టి, "ఇంకో మడత వెయ్యాల్నా?" అని అడిగేవాడు. "సాలు" అనేది. ఆ తర్వాతే ఆయన కాళ్లు కడుక్కునేవాడు. జాగీర్దార్లకు కూడా అంత దర్జా ఉండి ఉండదు. "నువ్వెందుకు ఒరుగుతవ్ అత్తా?" అని అడిగితే, "నేను ఇంటిదాన్ని. ఎట్లన్న కూసుంట" అని కసిరేది.

చెంబుతో పని కాలేదని చెరుకు మీద పడింది. బండ్ల వాళ్లనడిగి మామ తెచ్చిన గడల్లో అన్నిటికంటే నిటారైనదాన్ని ఏరి, పాత చీర పేలికలతో నా వీపుకు కట్టి బడికి పంపింది. లెక్కల గంటలో చీమలొచ్చాయి. నేను గెంతిన గెంతులకు పంతులుగారు నన్ను బయట నిలబెట్టారు. మరునాడు అత్త గడ కొసలకు సున్నం పూసింది. చీమలు రాలేదు, ఎద్దు వచ్చింది. ఫ్యాక్టరీ రోడ్డు మీద చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ముందు బండి నిండా చెరుకుంటే దాన్ని కాదని, ఒక ఎద్దు నా తల వెనకున్న ముక్కనే పట్టుకుంది. నేను ముందుకు, అది వెనక్కి. బండాయన నా మీదే అరిచాడు: "ఓ పొల్లా, నా ఎద్దును ఇడువు!"

ఆ వారంలోనే అత్త నన్ను నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు నా వీపు చూసి, "ఇది కూర్చునే తీరు వల్ల వచ్చింది కాదమ్మా, ఎముకే అట్లా పెరిగింది. వీపుకేమీ కట్టకండి. నొప్పి లేకుండా ఎట్లా వీలైతే అట్లా కూర్చోనివ్వండి" అన్నాడు. రైల్లో ఇంటికొచ్చేదాకా అత్త నోరు విప్పలేదు. అది నేను చూసిన వింతల్లో పెద్దది. ఇంటికొచ్చాక ఒక తువ్వాల మడిచి నా ఎడమ పక్క కింద పెట్టింది. నడుం నొప్పి సగం తగ్గినట్టనిపించింది. "నీకెట్ల తెలుసత్తా?" అన్నాను. "నాకు తెల్వనిదేంది?" అంది. తువ్వాల ఇచ్చింది గాని, తిట్లు మాత్రం తగ్గించలేదు.

ఇంతలో ఎద్దు కథ భీమ్‌గల్ దాకా పోయింది. పోయేదారిలో బాగా బలిసింది కూడా. ఎద్దు నన్ను ఫ్యాక్టరీ గేటు దాకా ఈడ్చుకుపోయిందని విన్న బాపు, పసుపు మూటతో ఆదరాబాదరా దిగాడు.

"సదువు సాలక్కా. బల్లల మీద కూసోవెట్టి నా బిడ్డ నడుం ఇరగ్గొట్టిండ్రు. రేపు తోల్కపోత."

అత్త డాక్టరు మాట చెప్పింది. బాపు వినలేదు. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మా పంతులుగారి కుర్చీ మీద నాకు ఎప్పటినుంచో కన్నుండేది. ఆ కుర్చీ కలలోకి కూడా రాకుండా పోతుందనిపించింది.

తెల్లారి బాపు స్నానం చేసి లేవబోతుంటే అత్త గిన్నెలో తడిపిన పసుపుతో వచ్చింది.

"తమ్మీ, అటు తిరుగు."

"గిదేందక్కా?"

"సప్పుడు జెయ్యకు."

మెడ కింద నుంచి బొటనవేలితో ఒక్కో ఎముకా తడిమి, ఒక్కోదాని మీద ఒక్కో పసుపు చుక్క పెట్టుకుంటూ నడుం దాకా పోయింది. ఉతికిన తెల్ల బనీను చేతికిచ్చి, "తొడుక్కో" అంది. తొడుక్కున్నాడు. "ఇప్పు" అంది. ఇప్పాడు. బాపు ఊళ్లో పదిమందికి చెప్పే మనిషే గాని, అక్క పని చెప్తే కాదనలేడు. తర్వాత అత్త నన్ను లోపలికి లాక్కుపోయి, నా వీపు మీదా అదే పనిచేసి, రవిక తెచ్చి బనీను పక్కన తాడు మీద ఆరేసింది. బనీను మీద చుక్కలు మెడ నుంచి తిన్నగా దిగి, సగంలో కుడివైపు తిరిగి, మళ్లీ దారికొచ్చాయి. రవిక మీదా అదే మలుపు, కాకపోతే ఇంకాస్త పెద్దది.

"నువ్వు ఏ బల్ల మీద కూసున్నవ్ తమ్మీ?"

బాపు బనీను మీది చుక్కల వెంట వేలు జరిపి చూశాడు. "నేను బడికే పోలే గదక్కా."

"మరి?"

మామ లోపలి నుంచి, "ఎద్దు గుంజిందేమో" అన్నాడు.

బాపు మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు. ఎక్కబోతూ, తను ఒక పక్కకు ఒరిగి నిలబడి, "నిట్టనిలువు కూసో బిడ్డా" అని నాకు బుద్ధి చెప్పాడు. ఆ పసుపు ఎంత ఉతికినా పోలేదు. చిరిగేదాకా ఆ బనీనే వేసుకున్నాడు.

నాకు కుర్చీ దొరికింది. దాంట్లో ఒరిగి కూర్చున్నప్పుడే అత్త కబురొచ్చింది.

నేను బోధన్ చేరేసరికి ఆడవాళ్లు అత్తకు స్నానం చేయిస్తున్నారు. ముత్తైదువ కదా, ఒంటినిండా పసుపు. వీపుకు పూసే పని నాకిచ్చారు. మెడ కింద నుంచి బొటనవేలు జారుస్తూ వచ్చాను. సగంలో వేలు కుడివైపు తిరిగింది. మళ్లీ మొదటి నుంచి వచ్చాను. మళ్లీ అక్కడే తిరిగింది.

ఆ రోజు తాడు మీద మూడోదిగా అత్త రవిక కూడా ఉండాల్సింది. చెంబూ చెరుకూ తిట్లూ అన్నీ దేనికో నాకు అప్పుడు అర్థమైంది. నేను తనలాగా కావద్దనుకుంది. కాక తప్పదని తెలిశాక తన తువ్వాల నాకిచ్చింది. ఆ పసుపు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాను.

అంతా అయిపోయాక సాయంత్రం మామ అరుగు దగ్గరికొచ్చాడు. భుజం మీది తువ్వాల తీసి, మడిచి, స్తంభం దగ్గర పెట్టాడు. పెట్టాక గాని అత్త లేదని ఆయనకు గుర్తు రాలేదు.

"అత్త నడుం సంగతి నీకెరుకేనా మామా?"

"లగ్గమైన కొత్తల్నే చెప్పింది. ఎవ్వలకు చెప్పద్దని ఒట్టు వెట్టించుకున్నది."

"ఇప్పుడు చెప్తున్నవ్ గద."

"ఇప్పుడు లేసి తిట్టదు గద" అన్నాడు.

తువ్వాల తీయడానికి ఆయన వంగలేదు. నేను పోయి దాని మీద కూర్చుని, వీపు స్తంభానికి ఆనించాను. నా కోసమే మడిచినట్టుంది. మామ నన్ను చూసి, "ఇంకో మడత వెయ్యాల్నా బిడ్డా?" అన్నాడు.

"సాలు మామా" అన్నాను. ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.