రెండో గుంపులో పిల్ల

చీట్లు రాసింది నేను. తీసింది ఆ బడి హెడ్‌మిస్ట్రెస్.

నగరిలో మరమగ్గాల వీధి చివర ఉన్న చిన్న బడి అది. తొంభైల చివర్లో నేను తిరుపతిలో పరిశోధన చేస్తూ, వారానికి మూడు రోజులు పుత్తూరు మీదుగా బస్సులో అక్కడికి వెళ్లేవాణ్ణి. తెలివికి ఏ లోటూ లేకుండానే చదవడం, రాయడం పట్టుబడని పిల్లలు ఉంటారు. వాళ్లకు ఎలా నేర్పాలన్నదే నా పరిశోధన. బడిలో ఆ పిల్లలకు వేరే పేర్లుండేవి. మొద్దు, మట్టిబుర్ర, సోంబేరి. ఆ పేర్లు విన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. నేను వాళ్ల పక్షాన ఉన్నానని గట్టిగా నమ్మేవాణ్ణి.

పరీక్షలు పెట్టి అలాంటి పిల్లల్ని ఇరవై మందిని ఏరాను. వాళ్లలో పదిమందికి ఆరు నెలలు ప్రత్యేకంగా పాఠం చెప్పాలి. మిగతా పదిమందికి ఏమీ చెప్పకూడదు. చివర్లో రెండు గుంపుల్నీ పోల్చి చూస్తేనే, పిల్లలు బాగుపడింది నా పాఠం వల్లా, వయసు పెరగడం వల్లా అన్నది తేలుతుంది. ఏ పిల్ల ఏ గుంపులోకి పోవాలన్నది నా ఇష్టానికి వదలకూడదు. అందుకని చీట్లు.

హెడ్‌మిస్ట్రెస్ స్టీలు గిన్నెలో చెయ్యి పెట్టి, ఒక్కో చీటీ విప్పి పేరు చదివింది. సగంలో ఆగి నా వైపు చూసింది.

“ఇదేంది నాయనా, తిరునాళ్లలో లక్కీ డిప్పు మాదిరి ఉండాదే. ప్రైజు రాని పిలకాయలకు ఏం జెప్పేది?”

“ఆరు నెలలైనాక వాళ్లకూ ఇదే పాఠం చెప్తాను మేడమ్.”

“జెప్తావా?”

“చెప్తాను.”

“జెప్పకపోతే అడిగేదానికి నేనుండాన్లే,” అని మళ్లీ గిన్నెలో చెయ్యి పెట్టింది.

ఆ ఇరవై మందిలో మూడో తరగతి పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ల ఇళ్లు ఒకే గోడకు అటూ ఇటూ. ఒకతి పొడుగు, ఒకతి పొట్టి. బడికి రావడం, అన్నం తినడం, దెబ్బలు తినడం అన్నీ కలిసే. చీట్లలో పొడుగు పిల్ల నేర్పే గుంపులోకి వచ్చింది. పొట్టి పిల్ల రెండో గుంపులోకి పోయింది.

మరునాడే పొట్టి పిల్ల తల్లి బడి గేటు దగ్గర నన్ను పట్టుకుంది. మగ్గం మీంచి లేచి వచ్చినట్టుంది, జుట్టులో తెల్లగా నూలు దుమ్ము.

“దాన్ని ఏరుకొని మా పాపనెందుకు సార్ ఇడిసిపెట్టినారు?”

“వదిలిపెట్టలేదమ్మా. ఆరు నెలలు ఆగితే ఈమెకూ చెప్తాను.”

“ఈ యేడు గూడా సదవడం రాకపోతే బడి మాన్పించి నూలు కండెలు సుట్టేదానికి పెడతానంటా ఉండాడు వాళ్ల నాయన. ఆయప్పకు ఆరు నెలలు నువ్వు జెప్పు సార్.”

నేను ఆయనకు చెప్పలేదు. ఆమెకే ఇంకోసారి చెప్పి బస్సు ఎక్కాను.

పాఠం బాగా సాగింది. పళ్లెంలో ఇసుక పోసి, వేలితో అక్షరం గీయించేవాణ్ణి. గీస్తూ పైకి పలకాలి. మ, య ఒకటిగా కనిపించే పిల్లలకు గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను తడిమించేవాణ్ణి. గుణింతాల దగ్గర మాత్రం బండి ఆగిపోయేది. అక్షరానికి గుడి, కొమ్ము, ఏత్వం తగలగానే పిల్లలకు మొత్తం ఒక ముద్దలా కనిపించేది. పొడుగు పిల్ల అందరికంటే ముందుండేది. పాఠం అయిపోగానే చెప్పుల్లో కాళ్లు పెట్టీ పెట్టకుండా పరుగెత్తేది. ఇంట్లో పనేదో ఉందనుకున్నాను.

మూడు నెలలకు రెండు గుంపులకూ నడిమి పరీక్ష పెట్టాను. అంతకుముందు పొట్టి పిల్ల పేజీలో రెండు మాటలు దాటేది కాదు. ఆ రోజు వేలు పెట్టుకుని, ఆగి ఆగి, అయిదు వరుసలు చదివింది. చదివి తలెత్తి నా ముఖంలోకి చూసింది.

పరీక్ష పెట్టేటప్పుడు ముఖంలో ఏదీ కనబడనివ్వకూడదని మాకు శిక్షణలో నేర్పారు. తల ఊపకూడదు, శభాష్ అనకూడదు. నేనూ కనబడనివ్వలేదు. కనబడనిచ్చి ఉంటే ఆ పిల్ల చూసేది సంతోషం కాదు. ఒక పిల్లకు చదువు వచ్చినందుకు నా గుండెల్లో రాయి పడింది. రెండో గుంపు పిల్ల ఇలా చదివేస్తే ఇక నా పాఠం గొప్పతనం ఏముంటుంది? ఇలాంటి దానికి మా పుస్తకాల్లో ఒక మాట ఉంది, కలుషితం కావడం అని. మురికినీళ్లకు వాడే మాటను ఆ పిల్ల చదువుకు నేను వాడుకున్నాను, మనసులో, ఆ అయిదు వరుసలు వింటూనే.

ఆ సాయంత్రం వాళ్ల వీధికి వెళ్లాను. పెరట్లో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. నేల మీద ముగ్గుపిండి పరిచి ఉంది. పొడుగు పిల్ల గొంతు మార్చి అచ్చం నాలాగే మాట్లాడుతోంది.

“నోటితో అంటా రాయాల. గమ్మున గీస్తే రాదు. మే, నా మొకంలో ఏముండాది? అక్షరం పక్క సూడు.”

పొట్టి పిల్ల నవ్వుతూ గీస్తోంది. పక్కన మగ్గం కింద ఏరుకొచ్చిన తుక్కు నూలు పోగులు. వాటితో నేల మీద అక్షరాలు పేర్చి ఉన్నాయి. అక్షరం ఎర్ర నూలుతో, దానికి తగిలించిన గుణింతం పచ్చ నూలుతో.

నన్ను చూసి పొడుగు పిల్ల లేచి నిలబడింది. ముఖం వెలిగిపోతోంది.

“రెండూ ఒగే రంగులో ఉంటే దీనికి కలిసిపోతాయి సార్. అందుకని యేరే యేరే పెట్టినా. ఇప్పుడు తప్పు పోవడంల్యా.”

ఇసుకతో, గరుకు కాగితంతో మూడు నెలలుగా నేను దాటించలేని చోటును ఎనిమిదేళ్ల పిల్ల తుక్కు నూలుతో దాటించేసింది. అది నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థం కాక తప్పు చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

“ఇది తప్పు,” అన్నాను. “నీకు చెప్పింది నీకే. ఈమెకు చెప్పకూడదు. మళ్లీ చెప్పినావంటే రేపట్నుంచి నువ్వు కూడా రావద్దు.”

మాటలు విని పొట్టి పిల్ల తల్లి మగ్గం దగ్గర్నుంచి వచ్చింది.

“ఏం జేసినాది సార్ ఇది?”

ఎందుకు చెప్పకూడదో ఆమెకు వివరించాలంటే చాలాసేపు పట్టేది. వివరించి ఉంటే ఆమె నన్ను తిట్టేది కూడా. అందుకని పొట్టిదారి పట్టాను.

“దొంగచాటుగా నేర్చుకుంటా ఉంది.”

తల్లి పిల్ల వీపు మీద రెండు దెబ్బలు వేసింది. పిల్ల ఏడవలేదు. ముగ్గుపిండిలో తను గీసిన అక్షరాలను తనే అరచేత్తో చెరిపేసింది. పొడుగు పిల్ల నూలుపోగులు ఏరుకుని గోడకు అవతలికి పోయింది.

తిరుపతిలో మా గైడు మేడమ్ లెక్కలు చూసి పొట్టి పిల్ల మార్కుల దగ్గర వేలు ఆపింది. “ఈ పాపకెట్లా వచ్చింది?” అని అడిగింది. ఇంటి దగ్గర ఎవరో చెప్పారట మేడమ్, తీసేద్దాం, అన్నాను. “తియ్యి. ఎందుకు తీసినావో మాత్రం రాయి,” అంది. ఒక్క వాక్యం రాశాను. దాంతో ఆ పిల్ల రెండో గుంపులో కూడా లేకుండా పోయింది. ఇక ఆమె నేర్చుకుంటే నా పరిశోధనకు వచ్చే నష్టమేమీ లేదు. ఆ వీధికి వెళ్లి, మళ్లీ మొదలుపెట్టుకోండి అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని ఇన్నేళ్లలో చాలాసార్లు నన్ను నేనే అడిగాను. సిగ్గు అని జవాబు చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నిజం అది కాదు. నాకు గుర్తే రాలేదు.

ఆరు నెలలయ్యాయి. రెండో గుంపుకు రెండు వారాలు పాఠం చెప్పాను. తర్వాత థీసిస్ రాసే పని పడింది. ఆ తర్వాత చిత్తూరులో టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో ఉద్యోగం వచ్చింది. నన్ను అడుగుతానన్న హెడ్‌మిస్ట్రెస్‌కు అప్పటికే వేరే ఊరికి బదిలీ అయింది.

ఉద్యోగంలో నాకు మంచిపేరే వచ్చింది. గుణింతాలకు రెండు రంగులు వాడే పద్ధతిని జిల్లాలో ఎన్నో బళ్ల టీచర్లకు నేర్పాను. మా పరిశోధనలో బయటపడింది అనేవాణ్ణి. ఎవరి చేతుల్లో బయటపడిందో చెప్పేవాణ్ణి కాదు.

అలా ఏడెనిమిదేళ్లు గడిచాక ఒక శిక్షణ తరగతిలో, రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్న అయివారొకాయన వెనక బెంచీలోంచి చెయ్యెత్తాడు. ఆయన అంతవరకూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

“ఆ రెండో గుంపు పిలకాయలు ఏమైనారు సార్?”

“వాళ్లకూ తర్వాత నేర్పినాం,” అన్నాను.

“మంచి మాట,” అని ఆయన తల వంచి, ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకున్నాడు. నేను చెప్పినవాటిలో ఆయన రాసుకున్నది అదొక్కటే. నా అబద్ధం ఒకరి పుస్తకంలోకి ఎక్కడం కళ్లారా చూశాను. ఆ తర్వాత పాఠం ఎలా ముగించానో గుర్తులేదు.

ఆ వారంలోనే నగరి వెళ్లాను.

ఇల్లు మారలేదు. పెరట్లో ఇప్పుడు రేకుల షెడ్డు, అందులో రెండు మరమగ్గాలు. ఒకదాని దగ్గర తల్లి, ఒకదాని దగ్గర కూతురు. పదిహేడు, పద్దెనిమిదేళ్లు ఉంటాయి. ఇప్పటికీ పొట్టిగానే ఉంది. నన్ను కాసేపు చూసింది.

“మీరు పరీక్షల సారు కదా?”

“గుర్తున్నానా?”

“ఉండకేం? దొంగచాటుగా నేర్చుకుంటానని మాయమ్మతో కొట్టించినారే,” అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. చిన్నప్పుడు చేసిన దొంగపని ఒకటి గుర్తొచ్చినట్టు నవ్వింది.

మగ్గాల చప్పుడులో దగ్గరగా నిలబడి మాట్లాడుకున్నాం. మరుసటేడే బడి మాన్పించారట. పొడుగు పిల్ల పది పాసైంది, పుత్తూరులో ఇచ్చారు.

“మాట్లాడుకుంటారా?”

“అప్పుట్నుంచి దాని పక్కన కూసోనేదే మానేస్తిని సార్. నా వల్ల దాని సదువు గూడా పోతాదని బయం. అదేమో నాకు పొగరనుకునింది.”

నేను తెచ్చుకున్న మాటలన్నీ అక్కడే పోయాయి. రెండు గుంపులు, చీట్లు, పోల్చడం, అన్నీ ఆమెకు చెప్పాను. తొమ్మిదేళ్ల కింద తల్లికి చెబితే చాలాసేపు పడుతుందనుకున్నది నాలుగు మాటల్లో అయిపోయింది. ఆమె పోగు తెగిన చోట ముడి వేస్తూ విన్నది.

“అంటే నాకు సదువు రాకుండా ఉంటేనే మీ సదువు పాసవుతాదా?”

“అవును.”

“బలే సదువు సార్ మీది.”

తెగిన పోగుకు ఇంకో ముడి వేసింది. “అయితే నేను దొంగతనం జెయ్యలేదా?”

“లేదు. తప్పు నాది.”

ఆమె తన మగ్గం ఆపింది. వెళ్లి తల్లి మగ్గం కూడా ఆపింది. షెడ్డులో ఒక్కసారిగా అలికిడి లేకుండా పోయింది.

“ఇప్పుడు మాయమ్మకు జెప్పండి. గట్టిగా.”

గట్టిగా చెప్పాను. ఆ పొద్దు నీ కూతురు చేసిన తప్పేమీ లేదమ్మా, నా పని చెడిపోతుందని నేనే అబద్ధం చెప్పినాను, అన్నాను. తల్లి నన్ను చూడలేదు. కూతుర్నే చూసింది.

“నేను గూడా కొడితి కదే,” అంది. తర్వాత నాతో, “ఇది జెప్పేదానికి ఇన్నేండ్లా నాయనా?” అంది. జవాబు కోసం ఆగకుండా మంచినీళ్లు తేవడానికి లోపలికి పోయింది.

వెళ్లేముందు కూతుర్ని అడిగాను. ఇప్పుడు నేర్చుకుంటావా అని.

“ముందు పుత్తూరు పోయి దానికి జెప్పండి. నాది పొగరు గాదని. నేర్సుకునే మాట తరవాత. ఆదివారం పొద్దున కరెంటు తీసేస్తారు, మగ్గాలు ఆడవు. ఆ పొద్దు రాండి.”

పుత్తూరు వెళ్లి పొడుగు పిల్లకు చెప్పాను. రెండు రంగుల సంగతి కూడా చెప్పాను, జిల్లా అంతా ఆమె పద్ధతినే నా పద్ధతిగా చెప్పుకున్నానని. ఆమె తలుపు దగ్గరే నిలబడి విని, “అది ఇంట్లోనే ఉండాదా ఇప్పుడు?” అని మాత్రం అడిగింది.

ఆదివారాలు నగరి వెళ్లాను. అన్నీ కాదు. మానేసిన వారాలకు ఏదో ఒక కారణం చెప్పేవాణ్ణి. “మీకు ఆరు నెలలాగమనేది బాగా అలవాటు సార్,” అనేది పొట్టి పిల్ల. ఎనిమిదేళ్లప్పుడు మూడు నెలల్లో వచ్చిన చదువు పద్దెనిమిదేళ్లకు ఏడాదయినా సరిగ్గా రాలేదు. పగలంతా మగ్గం దగ్గర నిలబడిన మనిషికి కళ్లు మూతలు పడతాయి. ఒత్తుల దగ్గర తడబడుతుంది, విసుక్కుంటుంది, పుస్తకం మూసేస్తుంది. పొడుగు పిల్ల వచ్చిన ఆదివారాల్లో మాత్రం ఎక్కువసేపు కూర్చుంటుంది. ఆ రోజుల్లో నాకు అక్కడ పెద్దగా పని ఉండదు.

ఒక ఆదివారం మేమిద్దరమే ఉన్నాం. పేపరు ముక్కలో ఒక వరుస మీద వేలు పెట్టింది. నడిమధ్య ఒక ఒత్తు దగ్గర ఆగిపోయింది. పెదవులు కదుపుతోంది, మాట రావడం లేదు. నేను ఆగలేక నోరు తెరిచాను.

“జెప్పొద్దు సార్,” అంది తల ఎత్తకుండా. “నేనే సదువుతా.”

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆమె వేలు ఇంకా అక్కడే ఉంది.