మూడో మగ్గం గుంట

పెంటప్పకు మూడు మగ్గాలుండేవి. సోలాపూర్ భవాని పేట్‌లో మూడు మగ్గాల ఇల్లంటే పిల్లనిచ్చేవాళ్లు రెండోమాట అడగరు. లోపల పొయ్యి మీద ఏం ఉడుకుతోందో ఎవరికి కావాలి? ఒక మగ్గం మీద తాను, రెండోదాని మీద తమ్ముడు, మూడోదాని మీద కూలికి నర్సప్ప. తినే నోళ్లు తొమ్మిది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నర్సప్ప కూలివాడని పేరే గానీ, పెంటప్ప తండ్రితో పాటే కరీంనగర్ వైపు నుంచి సోలాపూర్ వచ్చినవాడు. నా అనేవాళ్లు లేరు. పద్దెనిమిదేళ్లుగా ఆ మూడో మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి చీరలు నేస్తున్నాడు. మగ్గం పక్కనే చాప, మగ్గం పక్కనే కంచం.

1956లో పెంటప్ప పెద్దకొడుకు దత్తాత్రి మెట్రిక్ ఫస్టు క్లాసులో పాసయ్యాడు. ఆ సందులో అంతకుముందు మెట్రిక్ దాకా పోయినవాడే లేడు. కాలేజీ ఫీజు, పుస్తకాలు కలిపితే ఇంటిల్లిపాదికీ రెండు నెలల తిండి. కులసంఘంలో పేద విద్యార్థులకు ఒక నిధి ఉంది. దాన్ని చూసే పెద్దమనిషి బాలయ్య హోట్గి రోడ్ వైపు ఉంటాడు. కొడుకును వెంటబెట్టుకుని పెంటప్ప అక్కడికి పోయాడు.

“పిలగాడు హుషారున్నడు. కానీ రెండు మగ్గాలకంటె ఎక్కువున్నోళ్లకు నిధి లేదు. నియమ్ అంటే నియమ్. ఖరే చెప్పు, నిజంగ మీ ఇంట్ల ఎన్ని?” అన్నాడు బాలయ్య.

మూడోదాని మీద వచ్చేదాంట్లో సగం నర్సప్ప కూలికే పోతుందని చెప్పి ఉంటే బాలయ్య వినేవాడో లేదో. పెంటప్ప చెప్పలేదు. “రెండే” అనేశాడు.

“సరే. ఆదివారం వచ్చి చూస్తం.”

ఇంటికి వచ్చి నర్సప్పను పిలిచాడు. “కాకా, ఎనిమిది రోజులు మా చెల్లె ఇంట్ల ఉండు. మగ్గం ఇప్పుతున్న. పిలగాని కాలేజ్ ముచ్చట.” దత్తాత్రిని భుజాన మోసి పెంచిన ముసలాయన. బట్టల మూట కట్టుకుని పోయాడు.

మగ్గం కర్రలు విప్పి అటకెక్కించారు. గుంట మిగిలింది. ఆ సందు సాలెవాళ్లు బతికున్నవాడి గుంట పూడ్చరు. నేసేవాడు చనిపోతే, పదకొండో రోజున మట్టి పోసి అలుకుతారు.

“మనిషి బతికుండంగ గుంట పూడుస్తరా ఏందయ్యా? పైన చాప పరువు, సాలు,” అని భార్య ద్రౌపది చెయ్యి పట్టుకుంది.

పెంటప్ప బుద్ధి గడ్డి తిన్నది. చాప ఎత్తి చూస్తారని భయం. శనివారం పన్నెండు తట్టల మట్టి పోసి, తొక్కి, ఏడుస్తున్న ద్రౌపది చేతే అలికించాడు.

ఆదివారం బాలయ్య వచ్చాడు. చెప్పులు గడప దగ్గర విడిచి, రెండు మగ్గాలూ చూసి, ఆ మూలకు నడిచాడు. అలుకు కింద మడమ మెత్తగా దిగబడింది. వంగి మట్టి నలిపి చూశాడు.

“నేను గూడ సాలోన్నే పెంటప్పా. ఇంట్ల ఎవలు సచ్చిండ్రు?”

పెంటప్ప తల దించుకున్నాడు. పక్కనే దత్తాత్రి కూడా. అబద్ధమాడిన ఇంటికి నిధి ఎన్నటికీ లేదని బాలయ్య అక్కడే చెప్పి పోయాడు.

మర్నాడు పెంటప్ప చెల్లెలింటికి పోయాడు. “నడువు కాకా, మగ్గం మల్ల ఏస్త.”

నర్సప్పకు సంగతి అప్పటికే తెలిసింది. “మీ నాయిన పోయినంక ఆయన గుంటల మట్టి వోసింది నేనే. నువ్వు నాకు బతికుండంగనే వోసినవు. నన్ను ఒక్కమాట అడిగితె నేనే తట్ట మోస్తుంటి బిడ్డా. పిలగాని కోసమంటె కాదందునా? అడగకపోతివి. ఇగ అండ్ల నేను కాళ్లు పెట్ట.”

పెంటప్ప ఆయన కాళ్ల మీద పడ్డాడు. ముసలాయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

పూడ్చిన గుంటలో కూర్చోవడానికి ఇంకే కూలివాడూ రాలేదు. ఇప్పుడు నిజంగానే రెండు మగ్గాలే ఆడుతున్నాయి. నియమం ప్రకారం పెంటప్ప పేదవాడే. ఏం లాభం? ఇంట్లో రెండుపూటల రొట్టె ఒకపూటకు వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

జూన్‌లో కాలేజీ తెరిచారు. ఆ పొద్దున దత్తాత్రి ఎవరూ చెప్పకుండానే అటక మీది కర్రలు దించాడు. తండ్రీకొడుకులు మట్టి తోడి మగ్గం నిలబెట్టారు. వాడు అంచున కూర్చుని కాళ్లు లోపలికి వదిలాడు. నర్సప్ప పొట్టి మనిషి. వీడు పొడగరి.

“బాపూ, కాళ్లు ఆనుతున్నయి. ఇంకో జానెడు తియ్యాలె.”

లేచి రా బిడ్డా, ఇది నీకొద్దు అనాలనుకున్నాడు పెంటప్ప. కానీ కొడుకు మోకాలి నుంచి మడమ దాకా జానతో కొలుచుకుని, గడ్డపార తీసుకుని, ఆ కొలతకు సరిగ్గా తవ్వాడు.