స్పీకరు మీద చెయ్యి

కంప్యూటర్ తెర మీద రంగు గీతలు పైకీ కిందికీ ఎగురుతూనే ఉన్నాయి. అవి అలా ఎగురుతున్నాయంటే రికార్డింగు నడుస్తోందన్నమాట. జనార్దనరావుకు మాత్రం ఏమీ వినపడలేదు. సౌండు బొత్తాన్ని చివరిదాకా తిప్పాడు. గీతలు ఎగిరాయి గానీ గదిలో చడీచప్పుడూ లేదు.

ఇంకొకరైతే స్పీకరు పాడైనట్టుందనుకుని రిపేరుకు కబురు పెట్టేవారు. ఆయన అలా అనుకోలేకపోయాడు. పాడైంది స్పీకరా, తన చెవులా?

ఏలూరు పవర్‌పేటలో ఆయన ఇంటి ముందుగదే రికార్డింగు గది. మైకు కట్టుకుని తిరిగే ప్రచారం ఆటోల్లో చాలావాటిలో మోగేది ఆయన గొంతే. బట్టల కొట్టు ప్రారంభం, పళ్ల డాక్టరు రాక, కాలేజీల్లో ప్రవేశాలు, చేపల మేత మీద తగ్గింపు, ఫలానావారు స్వర్గస్థులయ్యారన్న కబురు, ఏదైనా సరే. భీమడోలు నుంచి కొల్లేరు లంకల దాకా ఆ గొంతు తెలియని ఇల్లు లేదు. మనిషిని చూసి గుర్తుపట్టేవాళ్లు మాత్రం తక్కువ. బజారులో వంకాయలు బేరమాడటానికి నోరు విప్పాక గానీ "అయ్యో, మీరాండీ" అనేవారు కాదు. దానికి ఆయన లోలోపల మురిసిపోతూ, పైకి విసుగ్గా మొహం పెట్టేవాడు.

వాళ్ల నాన్నది భీమడోలులో కిరాణా కొట్టు. కొడుకు కొట్లో కూర్చుంటాడనుకుంటే మైకు జీపెక్కాడు. అప్పట్లో రికార్డింగులు ఎక్కడివి? జీపులో కూర్చుని కాగితం చూస్తూ నోటితో చదవడమే. నెత్తి మీదే పెద్ద మైకు గొట్టం. రోజంతా దాని కింద ఉండి ఇంటికొస్తే చెవుల్లో కీచురాళ్లు అరిచేవి. పడుకుని లేచేసరికి పోతున్నాయి కదా అని ఊరుకున్నాడు. పోతున్నది కీచురాళ్లు కావని ఆ వయసులో ఎవరు చెప్పినా వినేవాడు కాదు లెండి.

మంచి గొంతున్నవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆయన పేరు నిలబడింది చెవి వల్ల. పెన్‌డ్రైవ్ చేతికిచ్చే ముందు ప్రతి రికార్డింగూ కళ్లు మూసుకుని చివరిదాకా వినేవాడు. ఫ్యాను గాలి తగిలినా, వీధిలో ఎవరైనా దగ్గినా తీసేసి మళ్లీ మొదటినుంచి చదివేవాడు.

అలాంటి మనిషి పోయిన వేసవిలో ఒక పెద్దావిడ పెద్దకర్మ కబురు రికార్డు చేసి పంపితే, సరిగ్గా "శోకతప్త హృదయాలతో" అన్నచోట వంటింట్లో కుక్కరు విజిల్ వేసింది. ఆటో సగం ఊరు తిరిగాక డ్రైవరు ఫణికిరణ్ వచ్చి నవ్వాపుకోలేక ఆ సంగతి చెప్పాడు. జనార్దనరావు కూడా నవ్వాడు. పెన్‌డ్రైవ్‌లో ఏదో కలిసిపోయిందని సర్దిచెప్పాడు. ఫణికిరణ్ వెళ్లాక తలుపేసుకుని ఆ రికార్డింగు మళ్లీ మళ్లీ విన్నాడు. ఆ విజిల్ ఆయనకు ఒక్కసారి కూడా వినపడలేదు.

ఆ రోజు పట్టుకున్న భయం ఇక వదల్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటే, వెళితే తేలిపోతుంది. తేలిపోయాక ఆ గదికి ఎవరొస్తారు? చెవి లేనివాడి చేత ఎవరు చదివిస్తారు? అందుకని ఎదుటివాళ్ల పెదాల మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు. ఎవరేమన్నా నవ్వి తలూపేవాడు. అలా తలూపే ఒకసారి వట్లూరులో ఎవరింట్లోనో భోజనానికి ఒప్పేసుకుని, ఆ సంగతే తెలియక వెళ్లకుండా మాటపడ్డాడు.

ఇప్పుడు కంప్యూటరే మూగబోయింది. సాయంత్రానికల్లా తాడేపల్లిగూడెం బట్టల కొట్టువాళ్లకు రికార్డింగు ఇవ్వాలి.

ఇందిర కాఫీ తెచ్చింది. ఆయన రికార్డింగు నడుపుతూనే భార్య మొహంలోకి చూశాడు. శబ్దం అంత గట్టిగా వస్తుంటే కనుబొమలైనా ముడిపడాలి కదా. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, ఎదురుగా నిలబడి చల్లారకముందే తాగమని చెప్పి వెళ్లిపోయింది. పెళ్లయిన నాటినుంచీ ఈ మోతలోనే కాపురం చేసిన మనిషి మొహం చూస్తే ఏం తేలుతుంది! వినపడుతోందా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే ఈవిడకూ తెలిసిపోతుందని ఊరుకున్నాడు.

తేల్చుకునే దారి ఇంకొకటి ఉంది. స్పీకరుకున్న గుడ్డ మీద చెయ్యి పెడితే చాలు. శబ్దం వస్తుంటే గుడ్డ అదురుతుంది. అదిరిందంటే పోయినవి చెవులే. ఆయన చెయ్యి చాపాడు. వెనక్కి లాక్కున్నాడు. కాఫీ తాగి, పెళ్లయ్యాక ఎన్నడూ లేనిది గ్లాసు తనే కడుక్కొచ్చాడు. మళ్లీ స్పీకరు ముందు నిలబడ్డాడు. చివరికి చినతిరుపతి వెంకన్నకు మొక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని అరచెయ్యి ఆనించాడు.

గుడ్డ అదరలేదు. అలాగే పెట్టి ఉంచాడు. అయినా అదరలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్పీకరు పాడైందని ఇందిరకు కేకేసి చెప్పాడు. ఇంట్లో వస్తువు చెడిపోతే అంత సంబరపడిన మనిషిని ఆమె అంతకుముందు చూసి ఉండదు.

వట్లూరులో కంప్యూటర్ రిపేరు కొట్టు నడిపే నిస్సీ మధ్యాహ్నానికి స్కూటీ మీద వచ్చింది. బల్ల కిందికి వంగి చూసి నవ్వింది. పాడైంది ఏమీ లేదు. నిన్న ఇందిర బూజులు దులిపినప్పుడు ఊడిన స్పీకరు వైరును ఈయనగారే తడుముకుంటూ మళ్లీ గుచ్చారు, వేరే కన్నంలో. నిస్సీ దాన్ని తీసి స్పీకరు కోసమే ఉండే ఆకుపచ్చ కన్నంలో పెట్టింది.

గది నిండా ఆయన గొంతు మోగింది. తాడేపల్లిగూడెం పట్టణ ప్రజలకు శుభవార్త అంటోంది. ప్రతి మాటా విన్నాడు. ప్రాణం లేచొచ్చినట్టయి కుర్చీలో వెనక్కి వాలాడు.

నిస్సీ మొహం చిట్లించింది.

"బాబాయిగారండీ, మీ గొంతు వెనక సన్నగా కీచుమంటోంది చూశారా? ఎర్తు సరిగా లేనట్టుంది. నేను కింద వైర్లు మారుస్తాను, పోగానే చెప్పండి. ఫ్యాను రొదలో నాకు తెలీదండి."

ఆమె మళ్లీ బల్ల కిందికి దూరింది. జనార్దనరావు స్పీకరుకు దగ్గరగా చెవి పెట్టాడు. కీచుమనడమేమిటి? ఆయనకు తన గొంతు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

"పోయిందా అండీ?" అని నిస్సీ గట్టిగా అడిగింది.

"పోయిందమ్మా."

ఆమె బయటికొచ్చింది. నిలబడి వింది. ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి మళ్లీ వంగింది. ఈ పిల్లకు అనుమానం వచ్చేసినట్టుంది. రేపు కొట్లో ఎవరితోనైనా అంటే చాలు, ఆటోవాళ్లందరికీ తెలిసిపోతుంది.

"ఇప్పుడోనండీ?"

ఆయన తలెత్తాడు. వంటింటి గుమ్మంలో ఇందిర ఉంది. ఆయన వైపే చూస్తూ, పోలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అంటే ఈవిడకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో! కొంతకాలంగా ఏ మాటైనా ఎదురుగా వచ్చి నిలబడి చెబుతున్నది ఇందుకన్నమాట.

"ఇంకా ఉందమ్మా" అన్నాడు.

నిస్సీ ఇంకో వైరు మార్చి మళ్లీ అడిగింది. ఈసారి ఇందిర పోయిందన్నట్టు తలూపింది. ఆ ఒక్క మాట అనేస్తే గండం గడిచిపోతుంది, నిస్సీ అనుమానమూ తీరిపోతుంది. ఇందిర కళ్లల్లో కూడా తనకున్నంత భయం కనపడింది ఆయనకు. ఇన్నాళ్లూ ఆమె ఒక్కతే దాన్ని మోసిందనిపించింది.

"నాకు వినపడటం లేదమ్మా" అన్నాడు బల్ల కిందికి చూస్తూ. "మీ పిన్నిగారు విని సైగ చేస్తోంది. పోయిందిట."

రికార్డింగు అయిపోయింది. నిస్సీ బల్ల కిందినుంచే మెల్లగా ఏదో అంది. అన్నదని తెలిసింది గానీ ఏమన్నదో ఆయనకు అందలేదు. అలవాటుగా నవ్వి తలూపబోయి ఆగాడు.

"ఏమంటోంది, ఇందిరా?" అని అడిగాడు.